పాక్-మ్యాన్ పెట్టెకి కొత్త రంగు వేయాలా, ఆ అరుగుదల అలాగే ఉంచాలా?

నేపర్‌విల్_నాన్న:
ఇక్కడికి దగ్గర్లో ఒక స్కేటింగ్ రింక్ మూసేస్తుంటే 1980 నాటి పాక్-మ్యాన్ వీడియో గేమ్ మెషీన్ 600 డాలర్లకి కొని గ్యారేజ్‌లో పెట్టాను. మిడ్‌వే కంపెనీ వాళ్ళ నిలువెత్తు పసుపు పెట్టె. అది తయారైన, షికాగో పక్కనున్న ఫ్రాంక్లిన్ పార్క్ మా ఇంటికి ముప్పావుగంట దూరమే. ఎక్కడెక్కడ తిరిగిందో గానీ చివరికి పుట్టింటి పక్కకే చేరింది.

ఆన్ చేస్తే గుయ్యిమని మోత వస్తుంది, బొమ్మ రాదు. వెనక తలుపు తీసి చూస్తే బోర్డు అంచుకి తీగలు కలిపే ఎడ్జ్ కనెక్టర్‌లో రెండు పిన్నులు మాడి నల్లబడ్డాయి. పిక్చర్ ట్యూబ్ మీద ఆటలోని మేజ్, అంటే గోడల మధ్య దారుల చిక్కుముడి, అచ్చుపడిపోయింది. కరెంటు తీసేసి టార్చి వేసినా సరే, బూడిదరంగు గాజులో ఆ గోడలన్నీ మూలమూలకీ కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి రోజంతా అదే బొమ్మ వెలిగితే లోపల వెలుగిచ్చే ఫాస్ఫర్ పూత అక్కడ మాత్రమే కాలిపోతుందట.

ఇంకోటి. కంట్రోల్ ప్యానెల్‌కి ఎడమవైపు పెట్టె అంచున అరచేయంత మేర పసుపు రంగు పోయి చెక్క బయటపడింది. కుడిచేత్తో జాయ్‌స్టిక్ తిప్పుతూ ఎడమచేత్తో పెట్టెని గట్టిగా పట్టుకునేవాళ్ళు. చాలా పాక్-మ్యాన్ పెట్టెలకి సరిగ్గా అక్కడే ఇలా ఉంటుందని ఫొటోల్లో చూశాను.

నాకు పెట్టె మొత్తం గీకించి కొత్తగా రంగు వేయించాలని ఉంది. మా పాప చూడగానే "మురికిగా ఉంది నాన్నా" అంది. ట్యూబ్ తీసేసి ఎల్‌సీడీ పెట్టేద్దామా అని కూడా ఆలోచన. మీరేమంటారు?

బిట్_బిట్:
ఎల్‌సీడీ పెట్టేయండి బ్రో, రెండో ఆలోచన వద్దు. ఆ ట్యూబ్‌లో ఇరవై వేల వోల్టుల పైన ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. అలాంటి ట్యూబులు ఇప్పుడు కొత్తవి దొరకవు, ఇవాళ బాగుచేసినా రేపు పోతుంది. చిన్న కంప్యూటర్‌లో పాత గేమ్ మెషీన్లని నడిపే మేమ్ (MAME) సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరిపోతుంది. 1997లో మేమ్ మొదలైందే పాక్-మ్యాన్ బోర్డుతో. 256వ లెవెల్‌కి వెళ్తే సగం స్క్రీన్ అక్షరాల చెత్తగా మారే పాత తప్పుతో సహా అన్నీ అలాగే వస్తాయి. 2012లో న్యూయార్క్ మోమా మ్యూజియం పాక్-మ్యాన్‌ని డిజైన్ సేకరణలోకి తీసుకుంది. వాళ్ళు గుర్తించింది ఆటని, మాడిన గాజుని కాదు. రంగు మీ ఇష్టం.

తెనాలి_రేడియో:
బిట్_బిట్ గారూ, ప్రమాదం మాట నిజమే. కానీ భయపడి తీసేయాల్సిన వస్తువు కాదది. నేను పెరిగింది తెనాలిలో మా నాన్న టీవీ రిపేరు షాపులో. పదేళ్ళప్పుడే నాకు నేర్పిన మొదటి పని ట్యూబ్ డిస్ఛార్జ్ చేయడం, అంటే అందులో మిగిలిన కరెంటు దించేయడం. పొడుగాటి స్క్రూడ్రైవర్‌కి వైరు చుట్టి, ఆ వైరు రెండో కొసని ట్యూబ్ చుట్టూ ఉండే ఎర్త్ జల్లెడ తీగకి క్లిప్ పెట్టి, ఒక చెయ్యి వీపు వెనక ఉంచుకుని, ట్యూబ్ మీదుండే రబ్బరు కప్పు కిందికి స్క్రూడ్రైవర్ మొన మెల్లగా దూర్చాలి. 'టక్' అని ఒక చిన్న చప్పుడు. కాసేపాగి మళ్ళీ చేయాలి, మొదటిసారి మొత్తం పోదు. చేయి వీపు వెనక పెట్టుకోకపోతే మా నాన్న ఆ రోజుకి నన్ను షాపులోకి రానిచ్చేవాడు కాదు. ఇది చదివి ఒంటరిగా మొదలుపెట్టొద్దు, తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చూపించాలి.

నేపర్‌విల్ గారూ, ముందు ఆ మాడిన పిన్నుల సంగతి. ఈ బోర్డుకి వచ్చేది డీసీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏడు వోల్టుల దాకా ఏసీ నేరుగా వస్తుంది, డీసీగా మారేది బోర్డు మీదే. ఆ కరెంటంతా కొన్ని పిన్నుల గుండానే పోతుంటే నలభై ఏళ్ళలో మాడకుండా ఉంటుందా? కనెక్టర్ కొత్తది వేయండి, బోర్డు వైపు రాగి లేచిపోయి ఉంటే దాన్నీ బాగుచేయాలి. మానిటర్ మీద వెల్స్-గార్డ్‌నర్ అని ఉందేమో చూడండి, అదీ ఒకప్పటి షికాగో కంపెనీయే. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చేయండి, కిట్లు దొరుకుతాయి. బల్ల మీద పెట్టి టెస్ట్ చేసేటప్పుడు మానిటర్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టొద్దు, మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. ఆ ఛాసిస్‌కే కరెంటు ఉంటుంది.

ట్యూబ్ ఎందుకు ఉంచాలంటే, ఆ బొమ్మ గీసినవాళ్ళు దాన్ని చూసుకున్నది ట్యూబ్ మీదే. ఉన్నవి 224 బై 288 చుక్కలు. ట్యూబ్ మీద చుక్క అంచు మెత్తగా పక్కదానిలోకి కరుగుతుంది, అందుకే పాక్-మ్యాన్ గుండ్రంగా కనిపిస్తాడు. ఎల్‌సీడీ మీద మెట్లు మెట్లుగా ఉంటాడు. మేజ్ అచ్చు సంగతంటారా, ఆట నడిచేటప్పుడు అసలు గోడలు సరిగ్గా దాని మీదే వెలుగుతాయి. పెద్దగా తెలియదు.

ఇక రంగు. మా నాన్న రిపేరుకొచ్చిన రేడియో లోపల ఎన్ని మార్చినా నాబ్ జోలికి పోయేవాడు కాదు. "ఆ నాబ్‌కి వాళ్ళ వేళ్ళు అలవాటు" అనేవాడు. మీ పెట్టె మీద ఆ అరచేతి చోటు ఒక మనిషి చేసింది కాదు. కొన్ని వేలమంది పిల్లలు ఆటలో దెయ్యాలు తరుముకొస్తుంటే టెన్షన్‌లో పట్టుకున్న పట్టు అది. అందరూ ఒకే చోట పట్టుకున్నారు. అది గీకేస్తే తిరిగి రాదు. నడవడానికి అడ్డమైనవన్నీ మార్చండి, చేతులు చేసిన పని మాత్రం వదిలేయండి.

ఎడిసన్_అక్క:
తమ్ముడూ, చక్కగా చెప్పావు గానీ నేను ఒప్పుకోను. మా బేస్‌మెంట్‌లో పాక్-మ్యాన్ తర్వాత వచ్చిన ఆట, 1982 మిస్ పాక్-మ్యాన్ ఉంది. నా చేతికొచ్చేసరికి పెట్టె మొత్తానికి నల్ల పెయింట్ కొట్టి, లోపల వేరే ఆట పెట్టారు. అప్పట్లో ఆట పాతబడితే అలాగే మార్చేసేవాళ్ళు. రెండు నెలలు సాయంత్రాలు కూర్చుని ప్లాస్టిక్ గరిటెతో కొంచెం కొంచెంగా ఆ నలుపు గీకాను. ఒకరోజు మిస్ పాక్-మ్యాన్ తల మీది ఎర్ర బో అంచు బయటపడింది. ఇంట్లో అందర్నీ కేకేసి పిలిచాను.

కానీ కింది రంగు సగం నలుపుతోపాటే ఊడొచ్చింది. స్టెన్సిళ్ళు తెప్పించి మళ్ళీ వేశాను. ఇందులో నేను పోగొట్టింది ఏముంది? ఫ్యాక్టరీలో స్టెన్సిల్ పెట్టి ఒక్కో రంగూ చల్లినవాళ్ళవీ చేతులే కదా. వాళ్ళు చేసింది తళతళలాడే పెట్టె. చీకటి హాల్లోకి అడుగుపెట్టిన పిల్లని అవతలి మూల నుంచే పిలవాలని ఆ పసుపు వేశారు. నేపర్‌విల్ గారి పాపకి అది మురికిగా కనిపించిందంటే, పెట్టె తన పని చేయడం లేదన్నట్టే. అరుగుదలని గౌరవించాలంటూ చేసినవాళ్ళ పనిని మరుగున పడేయడం నాకు న్యాయంగా అనిపించదు.

మిన్నెసోటా_చలి:
రంగు గొడవ సరే, ముందు పెట్టెని గ్యారేజ్ నేల మీంచి లేపండి. చలికాలం కారు కింద నుంచి కారే ఉప్పు నీళ్ళు అడుగుచెక్క పీల్చుకుంటుంది. నాది అట్టలా ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, అడుగు మొత్తం కోసి కొత్త చెక్క అతికించాల్సి వచ్చింది. కాళ్ళకి ఎత్తు సరిచేసే లెవెలర్లు బిగించండి, కింద రబ్బరు చాప వేయండి. ఇవాళే.

తెనాలి_రేడియో:
అక్కా, మీ పెట్టె విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు రైటు. ఆ నలుపు ఆట మార్చినవాళ్ళు కొట్టింది, దాని కింద అసలు పెట్టె సమాధైపోయింది. ఇక్కడ అసలు రంగు ఇంకా ఉంది, ఒక్క చోటే అరిగింది. రెండూ ఒకటి కావు. పాప మాటకి జవాబు రంగు కాకపోవచ్చు. తడిగుడ్డ పెట్టి తుడిచి చూశారా ఎవరైనా?

నేపర్‌విల్_నాన్న:
తుడిచాను. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. బకెట్‌లో నీళ్ళు మూడుసార్లు టీ రంగులోకి వచ్చాయి. అదంతా సిగరెట్ పొగ. పసుపు నేననుకున్న దానికంటే బాగా బతికే ఉంది. ఎడిసన్ అక్క అన్నట్టు ఇప్పుడు గ్యారేజ్ తలుపు తీయగానే అది పిలుస్తోంది.

పాప స్టూల్ ఎక్కి ఆడుతున్నట్టు నటించింది. స్క్రీన్ నల్లగానే ఉంది, నోటితోనే వకవక చప్పుడు చేస్తూ జాయ్‌స్టిక్ తిప్పింది. నేనేమీ చెప్పలేదు. ఎడమచెయ్యి తనంతట తానే వెళ్ళి ఆ చెక్క కనిపించే చోట పట్టుకుంది. అందులో సగం కూడా నిండలేదు ఆ చెయ్యి.

ట్యూబ్ ఉంచుతున్నాను. కండెన్సర్ కిట్‌కీ కనెక్టర్‌కీ ఆర్డర్ పెట్టాను. ఎడమవైపు ముట్టుకోను. కుడివైపు అడుగున ఫోర్క్‌లిఫ్ట్ తగిలి ముక్క లేచిపోయిన చోట మాత్రం పుట్టీ పెట్టి రంగు కలపాలి. అక్కా, ఆ పసుపు మీరు ఎలా కలిపారో చెప్తారా? లెవెలర్లు వచ్చేశాయి. శనివారం పొద్దున పెట్టెని వెనక్కి వంచడానికి నాకు ఇంకో రెండు చేతులు కావాలి. షికాగో చుట్టుపక్కల ఉన్నవాళ్ళెవరైనా రండి, టిఫిన్‌కి పెసరట్టు ఉంటుంది.