పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకపోతే మొదట సెక్యూర్ బూట్ ఆపేయాలా?

గోదారిగట్టు:

"ల్యాప్‌టాప్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావట్లేదు" అని ఎవరైనా అడగడం ఆలస్యం, "బయోస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యి" అని జవాబు వచ్చేస్తోంది. (బయోస్ అంటే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్; సెక్యూర్ బూట్ అంటే సంతకం సరిచూశాకే ఓఎస్‌ని మొదలవనిచ్చే కాపలా.) అన్నీ చూశాక చిట్టచివర ఇవ్వాల్సిన సలహా అది. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, పోయిన నెల మా ఇంట్లోనే దాని ఫలితం చూశాను.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. ల్యాబ్ కోసం విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఓఎస్ వేసుకుందామనుకున్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే ఎన్నిసార్లయినా విండోసే వస్తోంది. నెట్‌లో అడిగితే సెక్యూర్ బూట్ ఆపమన్నారు. ఆపాడు. పెన్‌డ్రైవ్ అప్పుడూ పనిచేయలేదు సరికదా, విండోస్ కూడా తెరుచుకోకుండా నీలం తెర వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది. వెంటనే సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేసి ఉంటే బహుశా అక్కడితో సర్దుకునేది. ఈలోపు ఇంకెవరో టీపీఎం (తాళాల రహస్యాలు దాచే చిప్) క్లియర్ చేయమన్నారు, అదీ చేసేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. డిస్క్ తాళం తీసే రహస్యం ఉండేదే ఆ చిప్‌లో. అది చెరిగిపోయాక ఆ 48 అంకెలు కొట్టడం తప్ప వేరే దారి లేదు.

ల్యాప్‌టాప్ కొన్నరోజు మా బావ ఫోన్ నంబర్‌తో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచారట. కీ ఉన్నది అందులోనే, కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అది గుర్తొచ్చి, పాస్‌వర్డ్ మార్చుకుని, కీ చేతికి దొరికేసరికి రెండు రోజులు పట్టింది. వాడి రికార్డులన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఆ రెండు రోజులూ పిల్లవాడు సరిగ్గా అన్నం తినలేదు.

ఇంతకీ అసలు లోపం ఎక్కడుందో తెలుసా? నేను ఆ పెన్‌డ్రైవ్‌ని నా కంప్యూటర్‌లో పెట్టి తెరిచాను. లోపల ఒకే ఒక్క ఫైల్ ఉంది. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైల్‌ని (ఓఎస్ మొత్తం ఇమిడిన ఒకే ఫైల్), సినిమా కాపీ చేసుకున్నట్టు, నేరుగా కాపీ చేసి పెట్టాడు. రూఫస్, ఎచర్ లాంటి బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్‌తో రాయించలేదు. అలాంటి పెన్‌డ్రైవ్‌లో బూట్ కావడానికి ఏముంటుంది? సరిగ్గా రాయించి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచే, మళ్ళీ పెట్టాను. ఉబుంటు మెనూ వచ్చింది. 2012 చివరి నుంచే ఉబుంటు మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్‌తో (అన్నిటికంటే ముందు నడిచే చిన్న బూట్‌లోడర్) వస్తోంది మరి.

కాబట్టి నేననేది, బండి ఎక్కడ ఆగిందో ముందు చూడండి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే కనబడకపోతే సాధారణంగా అది సెక్యూర్ బూట్ పని కాదు. పేరు కనబడి, దాన్ని ఎంచుకున్నాక ఎర్రర్ వస్తేనో, తిరిగి అదే మెనూకి వచ్చి పడితేనో అప్పుడు అనుమానించండి. ఎందుకంటే సెక్యూర్ బూట్ చేసేదల్లా బూట్‌లోడర్‌ని (ఓఎస్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) నడపబోయే ముందు దాని మీది సంతకం సరిచూడడమే.

అమీర్‌పేట మెకానిక్:

గోదారిగట్టు గారూ, పిల్లవాడి కష్టం చదివితే బాధేసింది. కానీ ఆ దెబ్బ టీపీఎం చెరపడం వల్ల తగిలింది, దాన్ని సెక్యూర్ బూట్ ఖాతాలో వేయకండి. నేను పదిహేనేళ్ళుగా రిపేర్ షాపు నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది "మొత్తం ఫార్మాట్ కొట్టి కొత్తగా ఓఎస్ వెయ్యన్నా" అనే వస్తారు. డేటా ముందే తీసి పెట్టుకుంటారు. డిస్కే తుడిచేస్తున్నప్పుడు బిట్‌లాకర్ భయం దేనికి? ఒక్క స్విచ్ ఆపితే ఒక అనుమానం తీరిపోతుంది, మిగతావి తర్వాత వెతుక్కోవచ్చు.

ఇంకో మాట. బూట్ అయినంత మాత్రాన కథ అయిపోదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచి లినక్స్ వేశాక నివిడియా డ్రైవరో, విడిగా కంపైల్ చేసే వైఫై డ్రైవరో చాలాసార్లు లోడ్ కాదు, వాటికి మళ్ళీ మన సంతకం కీ ఎక్కించాలి. రీస్టార్ట్‌లో వచ్చే, ఆ కీ ఎక్కించే నీలం తెరని ఏదో ఎర్రర్ అనుకుని జనం దాటేస్తారు, మర్నాడు వైఫై రావట్లేదని నాకు ఫోన్ చేస్తారు.

2024 ఆగస్టు సంగతి మర్చిపోయారా? విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి, పాత షిమ్ ఉన్న డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ ఉన్న) సిస్టమ్‌లని ఆపేసింది. "షిమ్ ఎస్‌బ్యాట్ డేటా వెరిఫై కాలేదు" అని చెప్పి మెషిన్ ఆగిపోయేది. పాత లినక్స్ పెన్‌డ్రైవ్‌లు కూడా ఎక్కలేదు. ఆ వారం నా టేబుల్ మీదికి వచ్చిన ప్రతి కేసులోనూ ముందు సెక్యూర్ బూట్ ఆపే లోపలికి వెళ్ళాను. వేరే దారేదీ?

గోదారిగట్టు:

మెకానిక్ గారూ, డిస్క్ తుడిచేసే కేసులో మీరన్నది ఒప్పుకుంటాను. ఆగస్టు కేసులో కూడా. కానీ ఆ రెండుచోట్లా మీకు కారణం తెలిసే ఆపారు. నా గొడవంతా కారణం అడక్కుండా ఆపమనే వాళ్ళతోనే.

అసలు ఈ సలహా ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. విండోస్ ఐఎస్‌ఓలో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైల్ 4 జీబీ దాటిపోతోంది, ఫ్యాట్32 అనే డిస్క్ ఫార్మాట్‌లో అంత పెద్ద ఫైల్ పట్టదు. అందుకని రూఫస్ పెన్‌డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫార్మాట్‌లో తయారుచేసి, పక్కన ఒక చిన్న లోడర్‌ని పెడుతుంది. 2021 దాకా ఆ లోడర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం లేదు. సెక్యూర్ బూట్ ఆపుకోమని రూఫసే చెప్పేది. అప్పటికి అది సరైన మాటే. 3.17 వెర్షన్ నుంచి సంతకం వచ్చేసింది. మనమే ఇంకా పాత పాఠం అప్పజెబుతున్నాం.

డాలస్ నుంచి ఒక అక్క:

మీ ఇద్దరికీ మధ్యలో మూడో దారి కూడా ఉందండీ. నాది కొత్త థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్. ఫెడోరా (ఇంకో రకం లినక్స్) పెన్‌డ్రైవ్ పెడితే మెనూలో పేరు వస్తోంది, నొక్కితే సెక్యూరిటీ ఎర్రర్. ఇక్కడ కూడా అందరూ ఆపేయమనే అన్నారు. బయోస్‌లో సెక్యూర్ బూట్ పేజీలోనే, కొంచెం కింద, "అలో మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ యూఈఎఫ్‌ఐ సీఏ" అని ఇంకో వరస ఉంది (యూఈఎఫ్‌ఐ అంటే కొత్త తరం బయోస్). 2022 నుంచి కొన్ని మోడళ్ళలో అది ఆఫ్‌లో ఉండే వస్తోంది. లినక్స్ షిమ్ మీద సంతకం ఆ సర్టిఫికెట్‌తోనే ఉంటుంది. దాన్ని ఆన్ చేశాను, అంతే. సెక్యూర్ బూట్ అలాగే ఉంది. అయితే ఇది మార్చినా విండోస్ రికవరీ కీ అడిగే అవకాశం ఉంది కాబట్టి ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేశాను, కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నాను.

వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఐఎస్‌ఓలు పెట్టుకునే ప్రోగ్రామ్) వాడేవాళ్ళకి కూడా ఒక మాట. మొదటిసారి "వెరిఫికేషన్ ఫెయిల్డ్, సెక్యూరిటీ వయొలేషన్" అని వస్తే కంగారుపడకండి. ఓకే కొట్టి, ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్‌లోకి వెళ్ళి పెన్‌డ్రైవ్‌లోనే ఉన్న వెంటాయ్ కీని ఎక్కించాలి. ఆ ల్యాప్‌టాప్‌కి ఒక్కసారి చేస్తే చాలు.

నల్లగొండ టీచర్:

నమస్కారం అండీ. చర్చ మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. మా బడికి ఒక దాత 6 పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి మద్దతు అయిపోయింది, ఇవేమో విండోస్ 11కి పనికిరావు. అందుకే లినక్స్ మింట్ వేద్దామని కూర్చున్నాను. నాలుగింటికి ఎక్కింది. రెండింటిలో మాత్రం బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే రావట్లేదు. పెన్‌డ్రైవ్ అదే. సెక్యూర్ బూట్ ఆపుదామని చూస్తే బయోస్‌లో ఆ పేరే లేదు.

అమీర్‌పేట మెకానిక్:

మేడమ్, ఆ పేరే లేదంటే అవి బాగా పాతవి, యూఈఎఫ్‌ఐ లేనివి అయ్యుండొచ్చు. పెన్‌డ్రైవ్‌ని రూఫస్‌లో ఎలా చేశారు? పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ ఎంచుకుని ఉంటే కొత్తవాటిలోనే ఎక్కుతుంది. మళ్ళీ చేయండి. స్టార్ట్ కొట్టాక ఐఎస్‌ఓ మోడా, డీడీ మోడా అని అడుగుతుంది, డీడీ పెట్టండి. మింట్ ఐఎస్‌ఓ పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ రెండింటికీ పనికొచ్చేలా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, చూసుకోండి. బయోస్‌లో యూఎస్‌బీ బూట్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. నీలం రంగు పోర్టులో పెట్టి ఉంటే తీసి నల్లదానిలో పెట్టండి, కొన్ని పాత బయోస్‌లు నీలం పోర్టుని బూట్ సమయంలో చూడవు.

గోదారిగట్టు:

ఇంకొకటి, మేడమ్. విండోస్ 10 షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టి, తర్వాత పవర్ బటన్ నొక్కగానే బూట్ మెనూ కీ టకటకా కొడుతూ ఉండండి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్ అయితే ముందు బయోస్‌లో ఎఫ్12 బూట్ మెనూని ఆన్ చేయాల్సి రావొచ్చు.

నల్లగొండ టీచర్:

డీడీ మోడ్‌లో మళ్ళీ చేశాను. ఒకదాంట్లో వెంటనే వచ్చింది. రెండోదాంట్లో పోర్టు మార్చాక వచ్చింది. ఇప్పుడు రెండూ ఇన్‌స్టాల్ అవుతున్నాయి, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఇద్దరికీ చాలా థాంక్స్.

అమీర్‌పేట మెకానిక్:

సంతోషం మేడమ్. గోదారిగట్టు గారూ, నా షాపులో తుడిచేసే మెషిన్ వస్తే సెక్యూర్ బూట్ ముందే ఆపుతాను, ఆ అలవాటు మానను. కానీ విండోస్ ఉంచాలన్న కస్టమర్ వస్తే, ఇకనుంచి రికవరీ కీ ఫోన్‌లో తెరిచి నాకు చూపించేదాకా బయోస్ ముట్టుకోను. నిన్న ఒకాయన్ని అడిగితే, అలాంటిదొకటి ఉందనే తెలియదన్నాడు. అక్కడే కూర్చోబెట్టి వాళ్ళబ్బాయికి ఫోన్ చేయించి తెప్పించాను. ఇరవై నిమిషాలు పట్టింది.

గోదారిగట్టు:

ఆ ఇరవై నిమిషాలు మా ఇంట్లో రెండు రోజులయ్యాయి. ఈ ఫోరమ్‌లో పైన అతికించి ఉంచిన పాత సూచనల్లో మొదటి వరస ఇంకా "సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి" అనే ఉంది. దాన్ని తీసి "పెన్‌డ్రైవ్ పేరు బూట్ మెనూలో కనబడుతోందా? రికవరీ కీ మీ దగ్గర ఉందా?" అని పెట్టమని నిర్వాహకులకు ఇప్పుడే రాశాను. డిస్క్ తుడిచేసేవాళ్ళకి మీ పద్ధతి ఏమిటో రెండు వరసల్లో మీరే రాసి పంపండి, దాని కిందే పెట్టమంటాను.