కాపర్-టి, అంతర, మాత్రలు, నిరోధ్: గర్భం రాకుండా ఏది, సుఖవ్యాధులు సోకకుండా ఏది?

పాపతల్లి_జగిత్యాల అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాకు ఏడాదిన్నర పాప ఉంది. మావారు దుబాయిలో పని చేస్తారు. రెండేళ్లు దాటాక, వచ్చే నెలలో రెండు నెలల సెలవు మీద వస్తున్నారు. రెండో బిడ్డ ఇంకో మూడేళ్ల దాకా వద్దని ఇద్దరం అనుకున్నాం. మా ఏఎన్‌ఎం గారు కాపర్-టి వేయించుకోమని, అది ఇష్టం లేకపోతే మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్ తీసుకోమని చెబుతున్నారు. రెండు నెలల కోసం ఇవన్నీ ఎందుకు, మాత్రలు వేసుకుంటే సరిపోతుందని మా ఆడపడుచు అంటోంది.

నా అసలు సందేహం మరొకటి ఉంది. ఆయన మీద అనుమానంతో అడగడం లేదు గానీ, భార్యాభర్తలు ఏళ్ల తరబడి దూరంగా ఉన్నప్పుడు సుఖవ్యాధుల గురించి కూడా జాగ్రత్త పడాలని విన్నాను. కాపర్-టి లోపల ఉంటే ఇన్ఫెక్షన్లను కూడా ఆపుతుందని పక్కింటావిడ చెప్పింది. అది నిజమేనా? వీసా కోసం ఆయనకు రక్తపరీక్షలన్నీ చేశారు కదా, అవి చాలవా?

స్టాఫ్‌నర్స్_ఖమ్మం

అమ్మా, పక్కింటావిడ చెప్పింది నిజం కాదు. కాపర్-టి మీద ఉండే రాగి వీర్యకణాలను పని చేయనీయదు. అంతర ఇంజెక్షన్, మాలా-ఎన్ వంటి మాత్రలు ప్రధానంగా అండం విడుదల కాకుండా ఆపుతాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో అండవాహికలను మూసేస్తారు. వీటిలో ఏదీ యోనిలోకి, గర్భాశయ ముఖద్వారం దాకా వచ్చే సూక్ష్మజీవులకు అడ్డు కాదు. హెచ్‌ఐవీ, గనేరియా, క్లామిడియా, సిఫిలిస్ విషయంలో కాపర్-టి ఉన్న స్త్రీకీ, ఏ పద్ధతీ వాడని స్త్రీకీ ఉండే రక్షణ ఒక్కటే.

గర్భం విషయంలో మాత్రం లెక్క వేరు. మామూలుగా ఇళ్లలో వాడే తీరులో 100 మంది స్త్రీలు ఏడాది పాటు ఒక పద్ధతిని వాడితే, కాపర్-టితో ఒక్కరికి కూడా గర్భం వచ్చే అవకాశం తక్కువ. ఇంజెక్షన్‌తో సుమారు నలుగురికి, మాత్రలతో ఏడుగురికి, భర్త నిరోధ్ వాడితే 13 మందికి గర్భం రావచ్చు. ప్రతిసారీ సరిగ్గా వాడితే నిరోధ్‌తోనూ ఆ సంఖ్య 2కు పడిపోతుంది. అంటే గర్భాన్ని ఆపడంలో వెనకబడినట్టు కనిపించే నిరోధ్ ఒక్కటే వ్యాధులకు అడ్డుగోడ. కాబట్టి గర్భం రాకుండా కాపర్-టి వంటి ఒక పద్ధతి, వ్యాధులు సోకకుండా నిరోధ్, ఇలా రెండూ కలిపి వాడుకోవడమే మంచిది.

నిరోధ్ విఫలం కావడానికి ఎక్కువగా వాడే తీరే కారణం కనుక ఆ సంగతి కూడా చెబుతాను. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడాలి. పళ్లతో గానీ గోరుతో గానీ చింపకూడదు. కొస దగ్గర రెండు వేళ్లతో నొక్కి గాలి పోయేలా పట్టుకుని తొడగాలి. కలయిక మధ్యలో కాకుండా మొదటి నుంచీ ఉండాలి. అయిపోగానే అంచు పట్టుకుని బయటికి తీయాలి. కొబ్బరినూనె, వ్యాసలిన్ అసలు రాయకూడదు, ఎందుకంటే నూనె తగిలిన రబ్బరు కొద్ది నిమిషాల్లోనే బలహీనపడి చిరిగిపోతుంది. నీటితో తయారైన జెల్ మాత్రమే వాడాలి. మన ఇళ్లలో కొబ్బరినూనె ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది కనుక ఇది ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది.

షార్జా_శ్రామికుడు

సోదరీ, వీసా పరీక్షల గురించి నేను చెబుతాను. అక్కడికి వెళ్లేముందు చేసే వైద్యపరీక్షల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ వంటివి ఉంటాయి గానీ, అవి ఆనాటి పరిస్థితినే చెబుతాయి. క్లామిడియా, గనేరియా వాటిలో ఉండవు. పైగా క్లామిడియా సోకినవారిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. చికిత్స లేకుండా వదిలేస్తే స్త్రీలలో అండవాహికలు దెబ్బతిని తర్వాత పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. రెండో బిడ్డ కావాలనుకుంటున్న మీకు ఇది ముఖ్యమైన విషయం.

గృహిణి_తెనాలి

పెళ్లయిన ఆడది భర్తతో నిరోధ్ వాడమని చెబితే అది అనుమానం కిందే లెక్క అవుతుందని నా అభిప్రాయం. రెండేళ్ల తర్వాత ఇంటికి వచ్చిన మనిషికి మొదటి రోజే ఆ మాట చెబితే సంసారాల్లో గొడవలు రావా? ఆపరేషన్ చేయించుకున్న మాలాంటివాళ్లం ఎప్పుడూ ఇలాంటివి ఆలోచించలేదు.

కౌన్సెలర్_హన్మకొండ

తెనాలి అక్క గారూ, మీరు చెప్పిన భయం చాలామందికి ఉంటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే మీ చివరి మాట దగ్గరే అసలు సమస్య ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహిత స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం మంది ట్యూబెక్టమీ (స్త్రీలకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవారే. ఆపరేషన్ అయిపోయింది కనుక ఇక ఏ జాగ్రత్తా అక్కర్లేదని ఆ ఇళ్లలో నిరోధ్‌ను పూర్తిగా మరిచిపోతున్నారు. భర్త వేసెక్టమీ (మగవారికి చేసే ఆపరేషన్) చేయించుకున్నా అంతే, వ్యాధుల నుంచి రక్షణ లేదు.

అనుమానం అనే మాటే రాకుండా ఉండాలంటే ఇద్దరూ కలిసి పరీక్ష చేయించుకోవడం మంచి మార్గం. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. జిల్లా ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు సలహా, చికిత్స దొరుకుతాయి. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈమధ్యే వ్యాధి సోకి ఉంటే హెచ్‌ఐవీ పరీక్షలో వెంటనే తెలియకపోవచ్చు కనుక మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. అప్పటి వరకు నిరోధ్ వాడాలి.

ఇక్కడ ఒక పరిమితి కూడా చెప్పాలి. హెచ్‌ఐవీ, గనేరియా, క్లామిడియాల నుంచి నిరోధ్ చాలా మంచి రక్షణ ఇస్తుంది. హెర్పిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్), సిఫిలిస్ పుండ్లు మాత్రం తొడుగు కప్పని చర్మం తగిలినా అంటుకోవచ్చు కనుక వాటి నుంచి రక్షణ కొంతే. హెపటైటిస్ బి, హెచ్‌పీవీలకు టీకాలు ఉన్నాయి.

పాపతల్లి_జగిత్యాల

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరం కలిసి పరీక్ష చేయించుకుందామని ఆయనకు ఫోన్‌లో చెప్పాను. మీకూ నాకూ ఇద్దరికీ అనేసరికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు కాపర్-టి, అంతర, ఛాయ మాత్రలలో నాకు ఏది తగినది? నిరోధ్ చిరిగితే ఏం చేయాలి?

స్టాఫ్‌నర్స్_ఖమ్మం

నాకైతే మీకు కాపర్-టి తగినదనిపిస్తోంది. వేసిన రోజు నుంచే పని చేస్తుంది, మూడేళ్లకు తీయించుకోగానే గర్భం దాల్చే శక్తి తిరిగి వస్తుంది. అంతర ఆపిన తర్వాత గర్భం రావడానికి కొన్ని నెలల ఆలస్యం సహజం. ఛాయలో హార్మోన్ లేదు గానీ, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి మరిచిపోకుండా వేసుకోవాలి. కాపర్-టి వేసిన తొలి నెలల్లో నెలసరి రక్తస్రావం, నొప్పి కాస్త ఎక్కువగా ఉండవచ్చు, రక్తహీనత ఉంటే ముందే చెప్పండి. దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉంటే కూడా దాచకండి. లోపల గనేరియా, క్లామిడియా ఉండగా కాపర్-టి వేస్తే ఇన్ఫెక్షన్ గర్భాశయంలోకి పాకే ప్రమాదం ఉంటుంది కనుక ముందు చికిత్స చేసి ఆ తర్వాత వేస్తారు.

కాపర్-టి ఉంటే నిరోధ్ చిరిగినా గర్భం గురించి భయం అక్కర్లేదు. అది లేనివారు 72 గంటల లోపు అత్యవసర మాత్ర వేసుకోవాలి, ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. ఆ మాత్ర వ్యాధులను ఆపదు. భాగస్వామికి హెచ్‌ఐవీ ఉందని తెలిసినా, ఉండవచ్చని గట్టి అనుమానం ఉన్నా 72 గంటల లోపే, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే 28 రోజుల నివారణ మందులు మొదలుపెడతారు.