అప్‌డేట్: అమ్మ వంటల నోటుబుక్ ఫోన్‌లోకి ఎక్కింది

అమ్మ చేత్తో రాసుకున్న వంటల నోటుబుక్‌ని ఫోన్‌లో పెట్టుకోవడానికి తక్కువ ఖర్చులో మంచి యాప్ చెప్పమని ఇక్కడ అడిగాను. సలహాలు ఇచ్చిన అందరికీ థాంక్స్. పని పూర్తయింది, పైసా ఖర్చు కాలేదు.

ఫొటోలోంచి అక్షరాలు తీసే యాప్‌లు రెండు చూశాను. అచ్చు తెలుగు బాగానే చదివాయి కానీ, నూనె మరకల మధ్య అమ్మ గొలుసుకట్టు రాత వాటికి అందలేదు. పనిచేసింది జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్ యాప్) వాయిస్ టైపింగ్, అంటే మనం మాట్లాడితే అదే టైప్ చేస్తుంది. భాష తెలుగుకి మార్చి, మైక్ నొక్కి ఫోన్ అమ్మ ముందు పెట్టాను. ఆవిడ చదువుతుంటే గూగుల్ కీప్‌లో నోట్‌గా పడింది. తప్పులు తర్వాత దిద్దుకున్నాను. అదే నోట్‌ని చెల్లితో షేర్ చేశాను, తనూ అందులోనే రాస్తోంది.

అసలు చిక్కు కొలతల దగ్గర వచ్చింది. అమ్మవన్నీ గిద్దలు, సోలలు. కొలతలు మార్చే యాప్‌లో కప్పులు, ఔన్సులే ఉన్నాయి. పైగా గిద్దెడు ఆవపిండి, గిద్దెడు ఉప్పు ఒకే బరువు ఉండవు కదా! అందుకని అమ్మ గిద్దతోనే ఒక్కొక్కటీ కొలిచి, కాటా మీద తూచి, గ్రాముల్లో పక్కన రాశాను. ఈసారి ఆవకాయ ఆ లెక్కతోనే కలిపాం. అమ్మ ముక్క నోట్లో వేసుకుని "సరిపోయిందే" అంది.

వంట మధ్యలో స్క్రీన్ ఆరిపోకుండా వేరే యాప్ కావాలనుకున్నాను. అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో, డిస్‌ప్లే కింద, స్క్రీన్ టైమౌట్ పెంచితే చాలు.