పక్క క్యూ‘లో’ పెట్టాలా, పక్క క్యూ‘కు’ పెట్టాలా?

స్ట్రీమ్స్ (యూనిక్స్‌లో డేటాను మాడ్యూళ్ల వరుస గుండా నడిపే పద్ధతి) డ్రైవర్ల పాఠంలో ఎప్పుడో విన్న వాక్యం ఒకటి బుర్రలో తిరుగుతోంది: ‘నియంత్రణ సందేశమును పక్క క్యూ... పెట్టవలెను.’ మధ్యలో ఉన్నది ‘లో’నా, ‘కు’నా? పుట్‌సీటీఎల్ (putctl, నియంత్రణ సందేశం పంపే ఫంక్షన్) గురించి చెప్పిన మాట అన్నంతవరకు గట్టిగా గుర్తుంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

— ‘లో’ అయ్యే అవకాశమే లేదండీ. క్యూలో పెట్టేది పుట్‌క్యూ (putq) అనే వేరే ఫంక్షన్. పుట్‌సీటీఎల్ ఒక మెసేజ్ బ్లాక్ తీసుకుని, దానికి రకం రాసి, మీరు చూపిన క్యూ తాలూకు పుట్ ప్రొసీజర్‌ను (వచ్చిన సందేశాన్ని అందుకునే ఫంక్షన్‌ను) పిలుస్తుంది, అంతే. వచ్చినదాన్ని వరుసలో ఉంచాలా, అప్పటికప్పుడే పని ముగించాలా అన్నది అవతలి మాడ్యూల్ ఇష్టం. అందుకే ‘కు’.

— వ్యాకరణం కూడా చూడాలి కదా! చిన్నయసూరి లెక్కలో ‘కున్’, ‘లోన్’ రెండూ షష్ఠే. విభక్తి పేరు చెప్పి తేల్చేద్దామంటే కుదరదు.

— షష్ఠి సంగతి సరే, ‘పెట్టు’ క్రియను చూడండి మాస్టారూ. పెట్టెలో పెట్టామంటే పెట్టె ఊరికే ఉంటుంది. గురువుకు దండం పెట్టామంటే ఆయన అందుకుంటాడు, బదులిస్తాడు. పుట్ ప్రొసీజర్ ఉన్న క్యూ రెండో రకం. నా ఓటు ‘కు’కే.

— నాకు అసలు ‘పెట్టవలెను’ మీదే అనుమానం. అది ‘పంపవలెను’ అయి ఉండాలి. పాత కావ్యాల్లో ‘పంపు’ అంటే ఆజ్ఞ కూడా; ‘పంపు సేయు’ అంటే ఆజ్ఞ పాటించడం. పంపడం, ఆజ్ఞ ఇవ్వడం రెండూ ఒకే మాటలో ఒదిగాయి. నియంత్రణ సందేశానికి ఇంతకన్నా మంచి తెలుగు దొరుకుతుందా?

— ఆజ్ఞ పంపడం అనగానే నాకు తిక్కన ఉద్యోగపర్వమే. ద్రుపదుడి పురోహితుడు, సంజయుడు, కృష్ణుడు ముగ్గురూ మాట మోసుకెళ్లినవాళ్లే, అయినా ఒకరి మాట బరువు ఇంకొకరిది కాదు. తిక్కన తానే మంత్రి కాబట్టి రాయబారి నోట ఏ మాట ఎంత బిగించాలో ఆయనకు తెలుసు. ఆ మూడు ఘట్టాలనూ వరుసగా చదివి చూడండి.

— ఆ బరువు తేడా ఇక్కడా ఉంది. నియంత్రణ సందేశాలన్నీ అత్యవసరం కావు. ఎం_ఫ్లష్, ఎం_హ్యాంగప్ అనే రకాలు ముందుకు దూకుతాయి, ఫ్లో కంట్రోల్‌కు (క్యూ నిండితే ఆపే ఏర్పాటుకు) ఆగవు. ఎం_సీటీఎల్, ఎం_బ్రేక్ మాత్రం మామూలు వరుసలోవే. అత్యవసరమైనదాన్ని సర్వీస్ ప్రొసీజర్ (క్యూలో ఉన్నవాటిని తీసి పని ముగించే ఫంక్షన్) తిరిగి తన క్యూలోనే పెడితే క్యూ మళ్లీ మేలుకుంటుంది, మళ్లీ అదే పని, అంతులేని చుట్టు. ‘లో’ మీద హెచ్చరిక ఉండాల్సింది అక్కడ.

— డెనిస్ రిచీ 1984లో బెల్ ల్యాబ్స్ పత్రికలో స్ట్రీమ్ పద్ధతిని వివరించినప్పటి నుంచీ మాడ్యూల్‌కు క్యూలు జంటగానే ఉన్నాయి: చదివే క్యూ ఒకటి, రాసే క్యూ ఒకటి. మరి ‘పక్క క్యూ’ అంటే ఆ జంటలో రెండోదా, దారిలో తరువాతిదా? తరువాతిదైతే, తరువాతి క్యూకే పంపే పుట్‌నెక్స్ట్‌సీటీఎల్ (putnextctl) ఉండగా పుట్‌సీటీఎల్ దేనికి? పైగా థ్రెడ్లు ఎక్కువగా నడిచే కెర్నెల్‌లో q_నెక్స్ట్‌ను (తరువాతి క్యూను చూపే పాయింటర్‌ను) మనమే నేరుగా తడమడం క్షేమం కాదు. విభక్తి కన్నా ముందు ఆ ‘పక్క’ను తేల్చాలి.

— జంట అని ఎందుకు అనుకోవాలి? ‘పక్కింటివాళ్లు’ అంటే తరువాతి ఇంటివాళ్లే కదా.

— ఎడమ పక్క, కుడి పక్క అంటాం కదండీ, అవి ఒకే మనిషివి. అడిగినవారు ఆ వాక్యానికి ముందు వాక్యం ఏమిటో గుర్తు తెచ్చుకోండి. అందులో ‘పైకి’ అనో, ‘కిందికి’ అనో ఉంటే మాత్రం అది తరువాతి క్యూనే.