తాబేళ్ల కోసం ఇంట్లో పెంచే గోధుమ గడ్డికి బూజు

మాది విజయవాడ పటమటలో మూడో అంతస్తు. రిజిస్ట్రేషన్ ఉన్న రెండు సుల్కాటా తాబేళ్లున్నాయి. ఇవి ఆఫ్రికా జాతివి, ముఖ్యమైన మేత గడ్డే. బయటి గరికకు పురుగుమందు తగిలి ఉంటుందేమోనని భయం. అందుకే డిసెంబరు నుంచి గోధుమలు 12 గంటలు నానబెట్టి, ట్రేలో 2 అంగుళాల కొబ్బరి పొట్టు మీద చల్లి, ఉత్తరం కిటికీ దగ్గర పెడుతున్నాను.

మొలకలు బాగానే వస్తాయి. ఆరో రోజుకి మొదళ్లలో దూదిలాంటి తెల్లటి బూజు, పుల్లటి వాసన. వేళ్లకుండే సన్నటి తెల్ల నూగైతే తడికి అణిగిపోతుంది; నీళ్లు చల్లినా ఆ తెలుపు పోవడం లేదు కాబట్టి ఇది వేళ్ల నూగు కాదు. ట్రేకి చిల్లులు పెట్టాను, నీళ్లు రోజుకోసారికి తగ్గించాను, గింజలు పలచగా వేశాను. అయినా మూడు ట్రేలు పారబోశాను. పొద్దున్నే చిన్నది ఖాళీ పళ్లెం దగ్గర మెడ చాచి నిలబడితే చూడలేకపోతున్నాను.

ఎండ తగలని గదిలో, ఈ చలికాలంలో బూజు పట్టకుండా గడ్డి పెంచినవాళ్లు ఏం మార్చారు?