అప్‌డేట్: రివియెరాలో చిన్న టవర్ స్టూడియో తీసుకున్నాం, వెళ్లొచ్చాం

మేమిద్దరమే కదా, డిస్నీ వెకేషన్ క్లబ్ (డిస్నీ రిసార్ట్‌లలో ఉండటానికి ఏటా పాయింట్లు వచ్చే టైమ్‌షేర్ సభ్యత్వం) పాయింట్లతో ఓర్లాండో రివియెరా రిసార్ట్‌లో ఇద్దరికే సరిపడే చిన్న గది, టవర్ స్టూడియో సరిపోతుందా, ఇంకాస్త పెద్దదైన డీలక్స్ స్టూడియో కావాలా అని ఇక్కడ అడిగాను. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

చిన్నదే తీసుకున్నాం. "ఇద్దరే అయితే కళ్లు మూసుకుని తీసుకోండి, కానీ పెద్ద సూట్‌కేసులు వద్దు" అన్న సలహా అక్షరాలా పనికొచ్చింది. పగలు సోఫా, రాత్రి గోడలోంచి మంచం కిందికి దించాలి. దించాక నడిచే చోటు తక్కువ, సూట్‌కేసు తెరిచి పెట్టలేం. చిన్న బ్యాగులతో వెళ్లాం కాబట్టి సరిపోయింది. బాల్కనీ లేదు, నాకు అదొక్కటే వెలితి. పొద్దున్నే లేచి స్కైలైనర్ (డిస్నీ కేబుల్ కార్) ఎక్కి ఎప్‌కాట్ థీమ్ పార్క్‌కి పోయేవాళ్లం, గదిలో ఉన్నదెంతసేపని!

వంట గురించి అనవసరంగా కంగారుపడ్డాను. మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. రెడీమేడ్ అన్నం వేడిచేసుకుని, ఇంటినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి కలుపుకుని రెండు రాత్రులు హాయిగా తిన్నాం.

చిన్న గదైతే మెయింటెనెన్స్ (ఏటా కట్టే నిర్వహణ ఫీజు) తగ్గుతుందా అన్న ప్రశ్నకు అర్థమే లేదు. అది మన దగ్గరున్న పాయింట్ల మీద పడుతుంది, గది మీద కాదు. చిన్న గదికి తక్కువ పాయింట్లు పడతాయి కాబట్టి మిగిలేది పాయింట్లే. వాటిని వచ్చే ఏడాది వాడుకునేలా బ్యాంక్ చేశాను. యూజ్ ఇయర్ (మన పాయింట్లు ఏటా జమయ్యే నెలతో మొదలయ్యే సంవత్సరం) మొదటి ఎనిమిది నెలల్లోపే చేయాలి, మర్చిపోకండి.

అమ్మానాన్న వచ్చినప్పుడు మాత్రం స్టవ్వు, వాషింగ్ మెషీన్ ఉండే వన్ బెడ్‌రూమే తీసుకుంటాం. పదకొండు నెలల ముందే బుక్ చేస్తాను.