టాయ్ స్టోరీ మూడో భాగం ఆరేళ్ల పాపకి చూపించొచ్చా?

మా పాపకి ఆరేళ్లు. బొమ్మలకి ప్రాణం ఉండే యానిమేషన్ సినిమా టాయ్ స్టోరీ మొదటి రెండు భాగాలు చూశాం, ఇప్పుడు మూడోది పెట్టమని రోజూ అడుగుతోంది, నాకేమో టెన్షన్‌గా ఉంది. రెండో భాగంలో జెస్సీని ప్రాణంగా చూసుకున్న పిల్ల పెద్దదై, ఆ బొమ్మని మంచం కింద మర్చిపోయి, చివరికి దానం పెట్టెలో వదిలేసి వెళ్లిపోయే పాట వస్తుంది కదా, అక్కడ బాగా ఏడ్చేసింది. ఆ రాత్రి తన బొమ్మలన్నీ పక్కలో పెట్టుకుని పడుకుంది.

మూడోదాంట్లో బొమ్మలన్నీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మంటల వైపు జారిపోయే సీన్ ఉంది. పెద్దవాణ్ణి, నాకే ఊపిరి ఆగినట్టయింది. 1995లో మొదటిది వచ్చింది, 2010లో మూడోది వచ్చేసరికి ఆ బొమ్మలతో ఆడుకునే పిల్లాడు ఆండీ కాలేజీకి వెళ్లే వయసుకొచ్చాడు, మొదటిది చిన్నప్పుడు చూసినవాళ్లూ అంతే పెరిగారు. అందుకే ఆండీ తన బొమ్మల్ని బానీ అనే చిన్నపాపకి ఒక్కొక్కటిగా పరిచయం చేస్తూ ఇచ్చేసే చోట మాకు అంత ఏడుపొచ్చింది అనుకుంటాను. మరి చిన్నపిల్లకి అది ఎలా అనిపిస్తుంది? వీడుకోలుగానా, లేక బానీకి కొత్త బొమ్మలొచ్చాయన్న సంతోషంగానా?

ఈ వయసు పిల్లలకి చూపించినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ మంటల సీన్ ముందే చెప్పి చూపించారా, దాటేశారా? లేక ఒకట్రెండేళ్లు ఆగమంటారా?